మా పికప్పుకి లీకే శ్రీరామరక్ష

పికప్పు ట్రక్కు కొన్నవాళ్లందరికీ నాదొక ఉచిత సలహా. ఇంజిన్ కారుతుంటే పొరపాటున కూడా బాగు చేయించకండి!

నవ్వకండి. అనుభవం మీద చెబుతున్నాను. వెనక తొట్టె ఉన్న బండి మీ గుమ్మం ముందు ఆగిన మర్నాటి నుంచీ మీకెంతమంది చుట్టాలున్నారో మీకే తెలిసొస్తుంది. ఇల్లు మారేవాళ్లు, బీరువా కొన్నవాళ్లు, మంచం అమ్మినవాళ్లు, అమ్మిన మంచం మనసాగక మళ్లీ తెచ్చుకునేవాళ్లు! మా బావమరిదైతే ఒకే సోఫాని ఆరు నెలల్లో మూడిళ్లకి తిప్పాడు. పాపం, ఆ సోఫా నాకంటే ఎక్కువ లోకం చూసింది.

"ఇవ్వను" అనొచ్చుగా అంటారా? అనండి చూద్దాం! "బావా" అని నోరారా పిలిచి, ఎదురుగా కూర్చుని, మీ ఆరోగ్యం గురించి రెండు ముక్కలు అడిగాక అనండి! నేను ఆరేళ్లుగా సాధన చేస్తున్నాను. తీరా నోరు తెరిస్తే "తాళాలు అక్కడున్నాయి చూడు" అనే వస్తుంది.

అలాంటి నాకు దేవుడిచ్చిన వరం ఈ లీకు. ఇంజిన్ పక్కన, లోపలి నీళ్ల దారికి మూతల్లాగా గుండ్రటి ఇనుప బిళ్లలుంటాయి. మెకానిక్కులు ప్లగ్గులంటారు. వాటిలో ఒకటి తుప్పు పట్టి బొట్లు బొట్లుగా కారడం మొదలెట్టింది. ఆహా! ఇక ఎవరు బండి అడిగినా వాళ్లని కింద మడుగు దగ్గరికి తీసుకెళ్లి, మాట్లాడకుండా చూపించి, ఒక నిట్టూర్పు విడిచేవాణ్ణి. "అయ్యో" అనుకుంటూ వెళ్లిపోయేవారు. రెండు నెలల పాటు ఆదివారాలు కడుపునిండా నిద్రపోయాను. ఇంత మేలు చేసిన యంత్రం ఇంకేదైనా ఉందా?

అంతా బాగానే ఉండేది, మా ఆవిడకి ఆ ఆర్డరు రాకపోతే. ఆమెకు చిన్న మొక్కల నర్సరీ ఉంది. కొత్తగా కట్టిన ఆసుపత్రి వాళ్లు రెండొందల కుండీలు కావాలన్నారు. ఆమె చేతికొచ్చిన మొదటి పెద్ద ఆర్డరది. శుక్రవారం సగం కుండీలు ఎక్కించుకుని ఇద్దరం బయల్దేరాం. దారి మధ్యలో బానెట్లోంచి గుప్పున ఆవిరి! నాలుగు చోట్ల ఆగి, మొక్కలకని తెచ్చిన నీళ్లు రేడియేటర్‌కి పోసుకుంటూ, రెండు గంటలు ఆలస్యంగా చేరాం.

"మిగతావి సోమవారం తొమ్మిదికల్లా ఇక్కడుండాలి. లేదంటే వేరేవాళ్లని చూసుకుంటాం" అన్నాడు అక్కడి మేనేజరు.

తిరిగొచ్చేటప్పుడు మా ఆవిడ ఒక్క ప్రశ్నే అడిగింది. "బండి కారుతోందని చుట్టాలందరికీ చెప్పారు గదా! మెకానిక్కుకి చెప్పడానికే నోరు రాలేదా?"

నాకు నిజంగా సిగ్గేసింది. శనివారం పొద్దున్నే షెడ్డు ముందు ఉన్నాను.

ముసలి మెకానిక్కు ప్లగ్గుకి అడ్డంగా ఉన్న స్టార్టరు మోటారు ఊడదీసి, ప్లగ్గు అంచు మీద ఉలి పెట్టి ఒక్కటేశాడు. ప్లగ్గు ఉన్నచోటే పక్కకి తిరిగింది. పట్టకారుతో లాగి నా చేతిలో పెట్టాడు. కాగితంలా పల్చబడి ఉంది. గాడి శుభ్రంగా తుడిచి, కొత్త ఇత్తడి ప్లగ్గుని సుత్తితో దిగ్గొట్టాడు.

"ఇందులో తుప్పు పట్టనివ్వని పచ్చ కూలెంటే ఉండాలి సార్. మామూలు నీళ్లు ఎవరు పోశారు?"

"నిన్న ఒక్కరోజేనయ్యా!"

"ఒక్కరోజు తుప్పు కాదు సార్ ఇది, ఏళ్ల తరబడి పని. మిగతా అయిదు ప్లగ్గులూ ఇనుపవే. జాగ్రత్త" అంటూ నిండా కూలెంట్ పోసి పంపించాడు.

ఆదివారం తెల్లారేసరికి నాకు గుబులు పట్టుకుంది. బండి కింద నేల పొడిగా ఉంది! చుట్టాలు చూస్తే ఇంకేమైనా ఉందా? వెంటనే ఒక చెంబుడు నీళ్లు తెచ్చి బండి కింద మడుగు కట్టించి, నిశ్చింతగా స్నానానికి వెళ్లాను.

తిరిగొచ్చేసరికి మా బావమరిది బండి పక్కన చేతులు తుడుచుకుంటున్నాడు.

"నీ లీకు చూసి జాలేసింది బావా. రేడియేటర్ మూత తీస్తే ఏముంది, ఎప్పట్లాగే నీళ్లన్నీ పాచిపట్టి పచ్చగా ఉన్నాయి! నేను బండి తీసుకెళ్లినప్పుడల్లా చేసేదేగా, మొత్తం పారబోసి మంచి కుళాయి నీళ్లు పోశాను. థాంక్సులేం వద్దులే."

తీసుకెళ్లినప్పుడల్లా! ఆరేళ్ల తుప్పుకి సొంతదారు ఎవరో అప్పుడు తెలిసింది.

"లీకు కూడా ఆగినట్టుంది. రేపు పొద్దున సోఫా మార్చాలి, బండిస్తావా బావా?"

రేపు పొద్దున! తొమ్మిదికి ఆసుపత్రి! నేను నోరు తెరిచాను. "తాళా..." దాకా వచ్చేసింది.

"ఇవ్వంరా" అంది మా ఆవిడ, కుండీలు తుడుస్తూ, తలైనా ఎత్తకుండా.

"సరే అక్కా" అని అతను ఈల వేసుకుంటూ వెళ్లిపోయాడు.

అంతే! ఆకాశం విరిగిపడలేదు. బంధుత్వం తెగలేదు. ఆ నీళ్లు తీయించి మళ్లీ కూలెంట్ పోయించాం. సోమవారం కుండీలు పావుగంట ముందే చేరాయి. మా ఆవిడకి ఇంకో ఆర్డరు కూడా వచ్చింది.

అయినా నా సలహా మార్చుకోను. మా ఆవిడ ఇంట్లో లేనప్పుడు అతనొస్తే? ఇంజిన్‌కి ఇంకా అయిదు ఇనుప ప్లగ్గులున్నాయి. నా ధైర్యమంతా వాటి మీదే.