మంగయ్య ఒకటో తరగతి

పిల్లలకు హోంవర్క్ ఇచ్చే బడి కూడా ఒక బడేనా? మంచి బడి అంటే తండ్రికి హోంవర్క్ ఇవ్వాలి! పిల్లలకేం, చదువుకోవడానికి ఇంకా బోలెడన్ని ఏళ్లున్నాయి. ముందు పెద్దవాళ్లు బాగుపడాలి కదా? ఈ మాట నమ్మనివాళ్లు మణుగూరు వెళ్లి మంగయ్యను చూసి రావచ్చు.

మంగయ్య బొగ్గు గనిలో డంపర్ నడుపుతాడు. ఇల్లంత ఎత్తున్న ఆ బండిని వానాకాలంలో గుంతలోంచి పైకి ఎక్కించేటప్పుడు కూడా చెయ్యి వణకని మనిషి. అలాంటివాడికి నిరుడు జూన్‌లో వణుకు పట్టుకుంది. కూతురు కళ్యాణిని ఒకటో తరగతిలో వేసిన ప్రైవేటు బడి నుంచి వాట్సాప్‌లో మెసేజ్ వచ్చింది. ఇకమీదట చదవడం ఆటల ద్వారానే నేర్పిస్తారట. ఆ ఆటలు ఇంట్లోనే ఆడాలట. ఆట సామాను తల్లిదండ్రులే తయారుచేసి, ఆదివారం సాయంత్రంలోగా ఫోటో గ్రూపులో పెట్టాలట.

ఎంత గొప్ప ఆలోచన! బడిలో చదువు, ఇంట్లో ఆట అనే పాత పద్ధతి పోయింది. రెండూ ఇంట్లోకే వచ్చేశాయి. మరి బడిలో ఏం చేస్తారంటారా? ఫోటోలు చూడొద్దూ!

మొదటి వారం అక్షరాల చేపలు. మంగయ్య ఫస్ట్ షిఫ్ట్ దిగి వచ్చి, అన్నం కూడా తినకుండా థర్మాకోల్ షీటు ముందేసుకుని కూర్చున్నాడు. యాభై ఆరు చేపలు కోశాడు. ఒక్కొక్క దానికి పొలుసులు దిద్దాడు, మూతికి గుండుసూది గుచ్చాడు, గాలపు కర్రకు అయస్కాంతం కట్టాడు. కళ్యాణి మురిసిపోయి 'చ' చేప మీద చెయ్యి వేసింది.

"ముట్టకు బిడ్డా, ఫోటో కానియ్యి," అన్నాడు మంగయ్య.

ఫోటో అయ్యాక, విరిగిపోతాయని చేపలన్నీ బీరువా పైకెక్కాయి. కళ్యాణి వారం రోజులు కింద నిలబడి వాటి తోకలు చూసింది.

అంత కష్టపడితే ఏమైంది? పక్క క్వార్టర్ కోటేష్ ఎలక్ట్రీషియన్. తన చేపల కళ్లకు లైట్లు పెట్టాడు! గ్రూపులో అందరూ కోటేష్‌కు చప్పట్లు కొట్టారు. మంగయ్యకు ఆ పూట ముద్ద దిగలేదు. మరుసటి వారం అక్షరాల రైలు చేశాడు. దానికి సిగ్నల్ స్తంభం కావాల్సి వచ్చి ఇంట్లో చపాతీ కర్ర మాయమైంది. దసరా నాటికి అక్షరాల కోట కోసం టీవీ వంటింట్లోకి వెళ్లింది.

"బడికి పోయేది పిల్లనా, నువ్వా?" అని భార్య తిరుమల ఒకసారి అడిగింది. ఫెవికాల్ ఆరుతుందో లేదో చూసుకుంటున్న మంగయ్యకు ఆ మాట వినపడలేదు. ఎన్ని లాభాలో చూడండి! ఆదివారం పేకాట మానేశాడు. ఇంట్లో కొట్లాట లేదు. మాట్లాడుకుంటే కదా కొట్లాట!

నాన్న తన చదువులో అంత మునిగిపోయేసరికి కళ్యాణికి పనేమీ లేకుండా పోయింది. వెళ్లి వరండాలో నానమ్మ బతుకమ్మ పక్కన కూర్చుంది. బతుకమ్మ పినపాకలో మూడో తరగతి దాకా చదివిన మనిషి. కొడుకు పారేసిన చార్టు ముక్కలు ఏరి, వాటి మీద రాజు, రాణి, పోలీసు, దొంగ అని రాసింది. కోటేష్ పిల్లలిద్దరూ కూడా వచ్చారు. చేపల దగ్గరికి వాళ్లనూ రానివ్వలేదు మరి.

చిట్టీలు మడిచి విసిరేవాళ్లు, తలా ఒకటి తీసుకునేవాళ్లు. దొంగ ఎవరో పోలీసు కనిపెట్టాలి. కళ్యాణికి చదవడం రాక తన చిట్టీ నానమ్మకు చూపించి అడిగేది. నానమ్మ ఎంత గుసగుసగా చెప్పినా అందరికీ వినపడేది, కళ్యాణి దొరికిపోయేది. నాలుగు రోజులు అదే వరస. అయిదో రోజు ఎవర్నీ అడగలేదు. 'దొంగ' అని తనే చదువుకుని, చిట్టీ గుప్పిట్లో దాచి, అచ్చం రాణిలాగా మొహం పెట్టి కూర్చుంది. ఆ రోజు పోలీసు, దొంగ అనుకుని కోటేష్ కొడుకును పట్టుకున్నాడు!

బతుకమ్మకూ హుషారొచ్చింది. ఎలుగుబంటి, కండక్టరు, సూది వేసే డాక్టరమ్మ అని కొత్త చిట్టీలు చేర్చింది. ఏది వస్తే అలా చెయ్యాలి. చలికాలానికి ముప్పై చిట్టీలయ్యాయి. ఒక్కదానికీ ఎవరూ ఫోటో తియ్యలేదు.

జనవరిలో బడిలో ఎగ్జిబిషన్. మంగయ్య రెండు రోజులు సెలవు పెట్టి 'అక్షరాల గని' చేశాడు. అట్టల గుంతలో నల్లటి అక్షరాలు, వాటిని మోసుకుంటూ పైకెక్కే మోటారు డంపర్. జనం మూగారు. ప్రిన్సిపాల్ మేడమ్ వంగి, దాని మీద మంగయ్య రాసిన పేరు బోర్డు చదవమని కళ్యాణిని అడిగింది.

ఏడు నెలల్లో ఒక్క అక్షరం కూడా పిల్లను ముట్టనివ్వలేదని మంగయ్యకు అప్పుడు గుర్తొచ్చింది. ఇంతమందిలో పిల్ల నోరు తెరవకపోతే ఆ తప్పు ఎవరిది? చెమట తుడుచుకున్నాడు.

కళ్యాణి బోర్డు వైపు చూసి, "అక్షరల గని," అని చదివింది. తర్వాత తండ్రి వైపు తిరిగి, "నాన్నా, 'ర'కు దీర్ఘం పెట్టలే నువ్వు," అంది.

మంగయ్యకు సిగ్గూ సంతోషమూ ఒకేసారి ముంచుకొచ్చాయి. ఇంత బాగా ఎలా నేర్చుకున్నావని మేడమ్ అడిగితే, "నానమ్మతోని దొంగాట ఆడిన," అని పిల్ల ఉన్నమాట చెప్పేసింది.

సాయంత్రానికల్లా గ్రూపులో మెసేజ్. తల్లిదండ్రులందరూ దొంగ-పోలీసు చిట్టీలు తయారుచేయాలి. రంగు బోర్డరు వెయ్యాలి, లామినేషన్ తప్పనిసరి, ఆదివారం లోగా ఫోటో పెట్టాలి.

మంగయ్య అది చదివి, ఫోను కత్తెర పక్కన పడేసి, వరండాలోకి వెళ్లి నేల మీద చతికిలబడ్డాడు. తనకూ ఒక చిట్టీ వెయ్యమన్నాడు. ఎలుగుబంటి వచ్చింది. డంపర్ ఆపరేటర్ నాలుగు కాళ్ల మీద గుర్రుమంటూ వరండా అంతా తిరుగుతుంటే కళ్యాణి వీపెక్కింది. సరిగ్గా అప్పుడే కోటేష్ లామినేషన్ షీట్లతో గేటు దగ్గరికి వచ్చాడు.

"ఏందన్నా, ఇంక ఫోటో పెట్టలే?"

ఎలుగుబంట్లు మాట్లాడవు. మంగయ్య గుర్రుమన్నాడు. కోటేష్ షీట్లు పిట్టగోడ మీద పెట్టి, తనూ ఒక చిట్టీ తీసుకున్నాడు.

నెలాఖరుకు ప్రోగ్రెస్ రిపోర్టు వచ్చింది. చదవడంలో కళ్యాణికి క్లాసులో మొదటి స్థానం. దాని కింద తెలుగు టీచరు ఎర్ర సిరాతో ఇంకో వాక్యం రాసింది. తండ్రిని కూర్చోబెట్టి కళ్యాణే చదివి వినిపించింది, ఎక్కడా తడుముకోకుండా:

"తండ్రి సహకారం చాలదు. ఇంట్లో పాపతో ఆటలు ఆడటం లేదు."