తాతగారి జలుబు

ఆ పండ్లు బల్ల మీద పెట్టి కూర్చోండర్రా. ఆపరేషన్ రేపు పొద్దున్నే. ఈలోగా నా తెలివి ఎలా తెల్లారిందో చెబుతాను.

కడుపులో ఉన్నది క్యాన్సరేనని డాక్టరు తేల్చేసిన రోజునే నేనూ ఒకటి తేల్చుకున్నాను. మా ఆవిడకు చెప్పకూడదు. పరీక్ష పేపర్లు దిద్దడానికి పొరుగూరు వెళ్తున్నానని చెప్పి, గుట్టుగా కోయించుకుని, ఏమీ ఎరగనట్టు ఇంటికి రావాలి. కుట్లు కనబడకుండా చొక్కా ఎలా మార్చుకోవాలో మాత్రం ఆలోచించలేదు.

ఆవిడకు అనుమానం రాకూడదని ఆ సాయంత్రం ముందుగదిలో ట్యూషన్ మరీ గట్టిగా చెప్పాను. పాఠం నాకు పేరు తెచ్చిన ఇంగ్లీషు మాట 'ఆఫ్'. వీధిలో నన్ను ఆఫ్ మాస్టారనే అంటారు కదా!

"ఒకప్పుడు దీనికి 'దూరంగా' అనేరా అర్థం. రానురాను ఒక్క మాటే రెండైంది. ఒక ఎఫ్ ఉన్నది చుట్టరికం చెబుతుంది, రెండు ఎఫ్‌లున్నది దూరంగా పోతుంది" అని గోడలదిరేలా అరిచాను. మనిషి దేనివల్ల పోయాడో చెప్పాలన్నా ఒక ఎఫ్‌దే వాడాలని, "మా తాత డైడ్ ఆఫ్ కోల్డ్" అని ఉదాహరణ ఇచ్చాను. పిల్లలు రాసుకుని వెళ్లిపోయారు.

వంటింట్లోంచి మా ఆవిడ గరిటెతో సహా వచ్చింది.

"జలుబుతో చచ్చేవాడెవడండీ?"

"మా తాత."

"పెళ్లయినప్పటినుంచీ గోడవతల వింటూనే ఉన్నా. ఏటా ఆ ముసలాయన్ని క్యాన్సర్‌తోనే చంపారు. ఈసారి జలుబేమిటి?"

"ఊరికే... మార్పు కోసం."

"క్యాన్సరన్న మాట మీ నోటెందుకు రాలేదు? పొద్దున డాక్టరు దగ్గరికెళ్లొచ్చారుగా, ఏమన్నాడు?"

"ఎల్లుండి పేపర్లు దిద్దడానికి పొరుగూరు..." అన్నాను.

"పదండి, నేనూ వచ్చి దిద్దుతా" అంటూనే గరిటె వదిలేసి నేలమీద కూలబడి ఏడ్చింది. నేనూ పక్కన కూర్చుని ఏడ్చాను. పొయ్యి మీద కూర మాడి ఇల్లంతా పొగ. పక్కింటాయన బకెట్‌తో పరిగెత్తుకొచ్చి ఇద్దరి మీదా కుమ్మరించాడు. మా ఏడుపు పొగవల్లేననుకున్నాడు పాపం.

ఇందాక నర్సు "భయంగా ఉందా?" అంటే లేదన్నాను. "ఆయనకుంది" అని మా ఆవిడ చెప్పేసింది. నర్సు వెళ్లాక నా చెయ్యి పట్టుకుంది.

"ఇంటికొచ్చి ఆ పాఠం మళ్లీ చెప్పాలి. మీ తాతని క్యాన్సర్‌తోనే చంపాలి. గోడవతల వింటూ ఉంటా."

సరేనన్నాను. కాదంటే ఊరుకునే మనిషా?