నాటకం అర్థమైతే ఎలాగండీ?

ప్రేక్షకులకు అర్థం కాకపోవడాన్ని మించిన రక్షణ నాటకానికి లేదని ఘంటాపథంగా చెబుతున్నాను. అర్థమైతే ఏమవుతుంది? ఇక్కడ బాగుంది, అక్కడ తేలిపోయింది అని లెక్చర్లు మొదలవుతాయి. అర్థం కాకపోతే? చేతులు కట్టుకుని కూర్చుంటారు. ప్రాచీన కళను కాపాడటానికి ఇంతకంటే తేలికైన మార్గం మీకు తెలిస్తే చెప్పండి!

ఊరికే అనడం లేదు. మా ఇంట్లో డిగ్రీ దాకా వెళ్ళిన మొదటివాణ్ణి నేనే కాబట్టి, గూడెం కొత్తవీధి కొండల్లో 'కొత్త ప్రేక్షకులకు సంస్కృత నాటకం' అనే కార్యక్రమానికి నన్ను కోఆర్డినేటర్‌గా వేశారు. కొత్త ప్రేక్షకులను తేవడం నా డ్యూటీ. తెచ్చాను. కాఫీ పళ్ళ కోత ముమ్మరమైన వారంలో, నడుములకు కట్టుకున్న బుట్టలు విప్పించి మరీ, మూడు జీపుల్లో తెచ్చాను. పళ్ళు చెట్టుమీదే ఎండితే ఎండనీండి. కాఫీ ఏటా కాస్తుంది. శ్లోకం ఘాట్ రోడ్డెక్కి రావడం రోజూ జరిగేదా?

వాళ్ళకు ట్రైనింగ్ కూడా ఇచ్చాను. మా ఊళ్ళో ఆట అంటే చూసేవాళ్ళు గుండ్రంగా నిలబడతారు, మధ్యలో మాటకు మాట అంటారు, కాళ్ళు ఊరుకోకపోతే తామూ దిగిపోతారు. ఎంత క్రమశిక్షణారాహిత్యం! ఇక్కడ వరసలో కూర్చోవాలి, నోరు మెదపకూడదు, నేను చెయ్యెత్తితే చప్పట్లు కొట్టాలి.

"నవ్వొత్తే?" అన్నాడు మా ఊరి పెద్ద భీముడు.

"నేను చెయ్యెత్తేదాకా ఆపుకో మావా."

"మరి దగ్గొత్తేనో?"

దగ్గు సంగతి రూల్స్‌లో లేదు. పైవాళ్ళను అడుగుతానన్నాను.

కథ చిన్నదే. ఒక రాజుగారు అడవిలో దారి తప్పుతారు. ఒక అడవిపిల్ల ఎదురై దారి చెబుతుంది. ఆ వేషం మా ఊరి కనకకు ఇచ్చారు. ఇంటర్ చదువుతున్న గుంట. పాత నాటకాల్లో రాజులకు సంస్కృతమూ, ఆడవాళ్ళకూ పనివాళ్ళకూ జనం మాటకు దగ్గరగా ఉండే ప్రాకృతమూ పెట్టేవారు. ఆ నాలుగు ప్రాకృతం ముక్కలనూ కనక నెల్లాళ్ళు కాఫీ కోస్తూ వల్లించుకుంది. తీరా ప్రదర్శనకు ముందురోజు డైరెక్టర్ లక్ష్మీప్రసాద్‌గారు వాటిని కొట్టేశారు.

"ప్రాకృతం ఎవరికి అర్థమవుతుందయ్యా రవిబాబూ?" అన్నారు నాతో.

చూశారా, ప్రేక్షకుల మీద ఎంత దయ! రెండు గంటల సంస్కృతాన్ని ఉంచి, అర్థం కాని ఆ అర నిమిషాన్ని తీసేశారు! కనక నోరు విప్పకుండా చేత్తో దారి చూపిస్తే చాలట.

"అన్నా, మాయమ్మ నా మాటిందామని పని మానేసి ఒత్తంది. నాను మూగదాన్నయిపోనానని సెప్పాలేటి?" అంది కనక.

కళ కోసం త్యాగాలు తప్పవని ఓదార్చాను. అది నాకేసి చూసిన చూపు ఏ భాషలో ఉందో చెప్పలేను.

మర్నాడు రాజుగారు స్టేజీ మధ్యకొచ్చి, చేతులు చాచి, నాలుగు శ్లోకాల్లో దారి అడిగారు. కనక చెయ్యి చాపాలి. చాపలేదు.

"అయ్యా, అటెల్తే లోయ. ఇటు రా. ఎప్పుడు తిన్నావో ఏటో, కూకుని జావ తాగి ఎల్దువుగాని" అనేసింది.

"మా గుంటే!" వెనక వరసలోంచి తల్లి కేక. నేను చెయ్యెత్తకుండానే చప్పట్లు!

మా కొండల్లో దారి అడిగినవాడికి కూర్చున్నచోటి నుంచి చెప్పరు. లేచి, దారి చీలేదాకా వెంట నడుస్తారు. భీముడు లేచాడు. స్టేజీ ఎక్కి, "గుంట నిజమే సెప్పింది బాబూ, నాతో రా" అని రాజుగారి చెయ్యి పట్టుకున్నాడు. కిరీటంతో సహా రాజుగారు వెళ్ళిపోయారు! మిగిలిన అంకం రాజు లేక ఆగిపోయింది.

ప్రదర్శన పవిత్రత దెబ్బతిన్నదట. కారకులెవరో రాసిమ్మన్నారు పైవాళ్ళు. కనక పేరు రాస్తే వచ్చే ఏడు దానికి చెట్టు వేషం కూడా దక్కదు. నేను డ్యూటీకి కట్టుబడినవాణ్ణి, రికార్డులో అబద్ధం రాయను. తెర లేచేముందు దాని చెవిలో "నీ నోటికేటొత్తే అదే అనెయ్ గుంటా" అన్నదెవరో, పేరూ, కోఆర్డినేటర్ అన్న హోదాతో సహా రాసి సంతకం పెట్టాను.

కింద ఒక మనవి కూడా చేర్చాను. వచ్చే ఏడు ఆ పిల్లకు ఇంకో నాలుగు మాటలు ఎక్కువ రాయండి.