డెప్యుటేషన్ మీద వానపాములు

"ప్రకృతికి గోరంత హాని లేని తోట ఎలా ఉంటుందో నా పెరట్లో చూపిస్తాను," అని మా పక్కింటి పర్యావరణ మంత్రిగారు పత్రికలవారిని పిలిచి ప్రకటించారు. అలాంటి మనిషితో ఒకే గోడ పంచుకోవడం మా పూర్వజన్మ సుకృతం.

మర్నాడే లారీలో గడ్డి దిగింది, చాపల్లా చుట్టి. దానికి నీళ్లక్కర్లేదు, ఎరువక్కర్లేదు, ఎండ కూడా అక్కర్లేదు. ప్లాస్టిక్‌కి ఇంత నిగ్రహం ఉందని నాకప్పటిదాకా తెలియదు.

అంతలో తోటకి యోగ్యతాపత్రం ఇవ్వాల్సిన పరిశీలన కమిటీ ఓ మెలిక పెట్టింది. ఆదర్శ తోట అనిపించుకోవాలంటే మట్టిలో కనీసం నూట ఇరవై వానపాములుండాలట. మంత్రిగారి మట్టిలో ఒక్కటీ లేదు. మా వదిన పెరట్లో ఉన్నాయి. అయిదేళ్లుగా కూరగాయల తొక్కులూ ఎండుటాకులూ వేసి ఆ మట్టిని పసిపిల్లలా సాకింది. మా ఇంట్లో కూర ఆ నాలుగు మడుల్లోంచే రావాలి.

శుక్రవారం మంత్రిగారి పీఏ బకెట్టూ, ఆర్డరు కాగితమూ పట్టుకుని వచ్చాడు.

"వీటిని రెండు రోజులు డెప్యుటేషన్ మీద తీసుకుంటున్నామమ్మా. టీఏ, డీఏ ఉండవు."

"సోమవారం విత్తనాలు వేసుకోవాలి బాబూ. ఇవి లేకపోతే నా మట్టి ఇటుకైపోతుంది," అంది వదిన.

"ఆదివారానికి తెచ్చి అప్పజెప్తాం. ఆర్డర్లో రాశాంగా."

మడులన్నీ తిరగేసి, నూట ఇరవై లెక్క తేలేదాకా ఒక్కటీ మిగల్చకుండా ఏరుకుపోయాడు.

శనివారం ప్రారంభోత్సవం. అతిథుల్ని దోమలు కుట్టకూడదని పొద్దున్నే తోటంతా మందు కొట్టించారు. కమిటీ గడ్డి ఎత్తి చూసి, వానపాములు అసాధారణమైన క్రమశిక్షణతో ఉన్నాయని మెచ్చుకుంది.

"నా ఇంట్లో ఎవరైనా అంతే," అన్నారు మంత్రిగారు వినయంగా.

పీఏ మాట తప్పే మనిషి కాదు. ఆదివారం బకెట్టు తెచ్చి మడి పక్కన దించాడు.

"నూట ఇరవై. లెక్క చూసుకుని సంతకం పెట్టండమ్మా."

వదిన పుల్లతో కదిపి చూసింది. "ఒక్కటీ కదలట్లేదేం బాబూ?"

"ఆర్డర్లో సంఖ్యే ఉందమ్మా. కదలాలని లేదు."

అయిదేళ్ల కష్టం మట్టిపాలైందని వదిన అక్కడే కూలబడి ఏడ్చింది. అయినా అంతటి మంత్రిగారు మాకేదో ఒకటి చెయ్యకపోతారా అని ఆశపడ్డాను.

చేశారు. సోమవారం మా గేటుకి నోటీసు అంటించి ఉంది.

"తనిఖీలో ఈ పెరట్లో బతికున్న వానపాము ఒక్కటీ కనిపించలేదు. కారణం: ఇంటివారి నిర్లక్ష్యం. పదిహేను రోజుల్లో సంజాయిషీ ఇచ్చుకోవలెను."