డ్రైవ్ పోయిందండీ

ఆ రోజు ఛాయాదేవి వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఉయ్యూరు వెంకటప్పయ్యగారి చిన్నబ్బాయి పెళ్ళికార్డులు మధ్యాహ్నానికల్లా అచ్చు వేయించి, సాయంత్రం డ్రైవర్ కాశీరావు చేత పంపించెయ్యాలి. కాశీరావు కాగితం కట్టల కోసం పొద్దున్నే వ్యాను వేసుకుని గన్నవరం వెళ్ళాడు. ఆవిడ గవర్నర్‌పేటలోని తన ప్రెస్సుకు వచ్చి కంప్యూటర్ ఆన్ చేసింది.

రాత్రికి రాత్రి అది కొత్త వెర్షన్‌కి మారిపోయి ఉంది. డిజైన్లన్నీ ఉండే జెడ్ డ్రైవ్ మీద ఎర్రటి ఇంటూ గుర్తు. ఆ డ్రైవ్ మెషిన్ల గదిలోని పాత కంప్యూటర్‌లోది. ప్రెస్సులో అందరూ నెట్‌వర్క్ మీద దాన్నే వాడుకుంటారు.

"నన్నడక్కుండా దీన్ని ఎవరు మార్చమన్నారు?" అని డిజైనర్ హేమసుందర్‌ని నిలదీసింది.

"మనం మార్చలేదండీ. అదే మారింది."

"రేపు నన్నడక్కుండా ప్రెస్సు కూడా అమ్మేస్తుందా?"

హేమసుందర్ కేబుల్ పీకి మళ్ళీ పెట్టాడు. రౌటర్ ఆపి మళ్ళీ ఆన్ చేశాడు. రెండు కంప్యూటర్లూ రీస్టార్ట్ చేశాడు. ఎర్ర గుర్తు కదల్లేదు.

ఇంతలో వెంకటప్పయ్య ఫోన్ చేశాడు. ఫోన్లు చూసుకునే సుధామణి తీసింది. మెషిన్ల మోతలో ఆయనకు సగం మాటలే అందుతున్నాయి.

"కార్డులు ఎందాకా వచ్చినయ్యమ్మా?"

"డ్రైవ్ పోయిందండీ. రాత్రి దాకా బానే ఉంది, పొద్దున చూస్తే లేదు."

డ్రైవర్ పోయాడని ఆయనకు వినబడింది. పెద్దబ్బాయి పెళ్ళికి కార్డులు తెచ్చి, తమ ఇంట్లో భోంచేసి వెళ్ళిన కాశీరావు కళ్ళ ముందు మెదిలాడు.

"ఎట్లా జరిగిందమ్మా?"

"అప్‌గ్రేడ్ చేశాకండీ. పాతదేగా, ఇన్నాళ్ళూ ఎట్లాగో నెట్టుకొచ్చాం."

అదేదో కొత్త ఆపరేషన్ కాబోలనుకున్నాడాయన. "ఇంకేం ఆశ లేదా?"

"లోపల ఉన్నదంతా అట్లాగే ఉంటదంటండీ. మనకే కనబడదంట."

ఇంత చిన్నపిల్ల ఆత్మ గురించి అంత నిబ్బరంగా చెప్పేసరికి ఆయన ఫోన్‌కే ఓ దణ్ణం పెట్టి పెట్టేశాడు.

రెండు గంటలు తంటాలు పడ్డాక హేమసుందర్ సంగతి కనిపెట్టాడు. మెషిన్ల గది కంప్యూటర్‌కి పాస్‌వర్డ్ లేదు. పాస్‌వర్డ్ లేని చోటికి కొత్త వెర్షన్ వెళ్ళనంటోంది.

"నా ప్రెస్సులో నా ఫైళ్ళు చూసుకోడానికి నాకు పర్మిషన్ కావాలా?" అని ఛాయాదేవి మండిపడుతూనే పాస్‌వర్డ్ పెట్టించింది. డ్రైవ్ తెరుచుకుంది.

అప్పుడే వెంకటప్పయ్య పెద్ద పూలదండతో లోపలికి వచ్చాడు. వెనకాలే కాగితం కట్ట భుజాన పెట్టుకుని కాశీరావు వచ్చాడు. అతన్ని చూసి వెంకటప్పయ్య చేతిలోని దండ జారిపోయింది.

విషయం తేలడానికి ఎంతోసేపు పట్టలేదు కానీ, కాశీరావు చల్లబడడానికి చాలాసేపు పట్టింది.

"పాతదేగా, నెట్టుకొచ్చాం అన్నావంట?" అని సుధామణి మీదికి వెళ్ళాడు.

"నేనన్నది డ్రైవ్‌ని, బాబాయ్."

వెంకటప్పయ్య తలవంచుకున్నాడు. "ఇంకో మాట కూడా ఉందమ్మా. చావు జరిగిన చోట పెళ్ళికార్డులు అశుభమని మావాళ్ళు గోల పెడితే, ఆర్డరు వేరేవాళ్ళకి ఇచ్చేశాను."

ఛాయాదేవి లేచి నిలబడింది. "ఎవరూ చావలేదు కదండీ. మనిషి మీ ఎదురుగానే ఉన్నాడు. ఇప్పుడే ఫోన్ చేసి వద్దని చెప్పండి."

ఆయన అక్కడికక్కడే ఫోన్ చేసి, వద్దని చెప్పాడు. కార్డుల అచ్చు మొదలైంది. సాయంత్రానికి కార్డులు కట్టలు కట్టి సిద్ధం చేశారు. వ్యాను తాళాలు మాత్రం కాశీరావు బల్ల మీద పెట్టేశాడు.

"నన్ను అశుభం అన్నవాళ్ళింటికి నేను బండి నడపను, అమ్మగారూ."

ఆవిడ బతిమాలింది. హేమసుందర్ బతిమాలాడు. వెంకటప్పయ్య క్షమాపణ చెప్పాడు. కాశీరావు మెత్తబడలేదు.

చీకటి పడేవేళకు వ్యాను ఉయ్యూరు బయలుదేరింది. నడుపుతున్నది ఛాయాదేవి. కాశీరావు పక్క సీట్లో కూర్చుని, గేరు ఎప్పుడు మార్చాలో చెబుతున్నాడు.