ఎనిమిదో ఫారం

విశ్వసాహిత్య చరిత్రలో ఒక మహత్తర ఘట్టానికి మన చిల్కానగర్ కమ్యూనిటీ హాలు వేదిక కానున్నదని ఆహ్వాన పత్రిక ప్రకటించింది! ఆ పత్రికను అచ్చేసింది మా నాచారం ప్రెస్సే కాబట్టి నేను నమ్మక తప్పలేదు. నా పేరు అబ్రహాం. ఏడో తరగతిలో బడికి దండం పెట్టి బైండింగు పనిలో చేరాను. అప్పటినుంచీ ఇతరుల జ్ఞానానికి జిగురు రాస్తూ బతుకుతున్నాను. జ్ఞానం నాకు అంటలేదు గానీ జిగురు మాత్రం వేళ్ళనుంచి ఇప్పటికీ పోలేదు.

ఘట్టం ఏమిటంటే, విశ్రాంత శాస్త్రవేత్త ఉమామహేశ్వర్ గారి నవల 'నక్షత్రం నుంచి మిస్డ్ కాల్' రెండో భాగం ఆవిష్కరణ. మొదటి భాగం నిజంగానే బాగుంటుంది. వేరే గ్రహం పిల్ల ఒకతె చర్లపల్లిలో రైలు దిగుతుంది. మందుల ఫ్యాక్టరీలో పనిచేసే కుర్రాడు ఆమెకు ఆటో మాట్లాడి పెడతాడు. ప్రేమ! చివరి పేజీలో ఆ పిల్ల వెళ్ళిపోతుంది, వాడు ప్లాట్‌ఫారం మీద నిలబడిపోతాడు. మా రోజీ ఇంటర్ పుస్తకాలు పక్కన పడేసి దాన్ని అట్ట ఊడేదాకా చదివింది. నేనే మళ్ళీ బైండు చేసిచ్చాను.

"డాడీ, గా పిల్ల మళ్ళొస్తదా?" అని రెండేళ్లుగా నన్నే అడుగుతోంది.

"నేను బైండింగోణ్ణి బిడ్డా, దేవుణ్ణి గాను."

తీరా రెండో భాగం మా ప్రెస్సుకు వచ్చాక, అచ్చులో చెడిపోయిన కాగితాలన్నీ ఏరి ఇంటికి తెచ్చిచ్చాను. రోజీ చదివింది. ముఖం మాడిన పెసరట్టులా అయింది.

"వచ్చింది డాడీ. ఆఖరి పేజీల వచ్చింది. గప్పటిదాంక అన్నీ మీటింగులే!"

నిజమే. మొదటి భాగం చదివి పిల్లలు చెడిపోతున్నారని కాలనీ పెద్దలు ఆందోళన చెందారు. ఉమామహేశ్వర్ గారు పెద్దమనిషి. అందరి సలహాలూ స్వీకరించారు. అందుచేత రెండో భాగంలో హీరో గ్రూప్ టూ పరీక్షకు చదువుతాడు. రెండు గ్రహాల పెద్దలూ కలిసి ఒక సంఘం వేస్తారు. గోత్రాల పరిశీలనకు ఉపసంఘం! ఉభయ పక్షాల లిఖితపూర్వక అంగీకారం తర్వాత హీరో హీరోయిన్‌కు నమస్కారం పెడతాడు. సలహాలన్నీ పట్టాయి, కథ ఒక్కటే పట్టలేదు.

ఇక మా ప్రెస్సు సంగతి. పెద్ద కాగితం మీద పదహారు పేజీలు అచ్చేసి మడిస్తే దాన్ని ఫారం అంటాం. ఫారాల దొంతరలను బల్ల చుట్టూ వరుసగా పేరిస్తే, సాలమ్మ బల్ల చుట్టూ తిరుగుతూ ఒక్కో దొంతరనుంచి ఒక్కోటి తీస్తుంది. ఒక చుట్టు తిరిగితే ఒక పుస్తకం. సాలమ్మకు చదువు రాదు. దొంతర ఉన్న చోటే ఆమెకు అక్షరం. భర్త పోయాక ఆ బల్ల చుట్టూ తిరుగుతూనే ఇద్దరు పిల్లల్ని సాకుతోంది.

సగం పుస్తకాలయ్యాక ఆయుధపూజ వచ్చింది. మా ఓనర్ గిరిధర్ గారు స్వయంగా దొంతరలు జరిపి, మెషిన్‌కు బంతిపూల దండేసి, గుమ్మడికాయ కొట్టి, మళ్ళీ స్వయంగా సర్దారు. యజమాని సర్దితే అడిగేదెవరు? సాలమ్మ మిగతా సగం తిరిగింది. పుస్తకాలు హాలుకు వెళ్ళిపోయాక ఊడుస్తుంటే మెషిన్ వెనక బంతిరేకుల కింద ఒక దొంతర కనబడింది. నవల ఎనిమిదో ఫారం! మరి దాని చోట పడిందేమిటి? పక్కనే అచ్చయి ఉన్న, లిఫ్టు కంపెనీవాళ్ళ వాడకం సూచనల ఫారం. బొమ్మలతో సహా!

గిరిధర్ గారి ముఖం తెల్లబోయింది. వెంటనే తేరుకుని విచారణ జరిపారు.

"సాలమ్మా, కస్టమర్ నోటినుంచి ఒక్కమాట వచ్చిందా, నువ్వు రేపటినుంచి రావద్దు!"

"సార్, జరిపింది మీరే కదా," అన్నాను.

"నేను పూజ జేసిన అబ్రహాం! పూజల తప్పు వడతామా?"

సభకు నేనూ సాలమ్మా వెళ్ళాం. ఆమె సమోసాల బల్ల వెనక కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది.

"అన్నా, ఎవలన్న సదివిన్రంటే నా పని ఖతమే గదనే?"

"ఫికర్ జెయ్యకు. గీడికొచ్చినోల్లల్ల సదివేటోడు ఎవడున్నడు?" అన్నాను. 

విమర్శకులు పట్టాభిరామయ్య గారు మైకు ముందుకు వచ్చారు. పుస్తకం చదవనివాళ్ళు దాన్ని సరిగ్గా మధ్యలో తెరుస్తారు. మొదలు తెరిస్తే చదవలేదంటారని, చివర తెరిస్తే దొంగచూపంటారని భయం. పదిహేను ఫారాల పుస్తకానికి నడుమ ఎనిమిదోదే! ఆయన తెరిచారు. సాలమ్మ కళ్ళు మూసుకుంది.

"వినండి! 'తలుపులు మూసుకొనుచుండగా చేయి అడ్డు పెట్టరాదు.' ఆహా! హృదయ కవాటాల గురించి ఇంత నిగ్రహంగా చెప్పిన రచయిత మనకున్నాడా? 'ఎనిమిది మందికి మించి ఎక్కరాదు.' సమకాలీన ప్రేమ మీద ఎంత నిష్ఠురమైన వ్యాఖ్య!"

చప్పట్లు! మహిళా మండలి అధ్యక్షురాలు తారామణి గారు ఆ పుస్తకం లాక్కుని తర్వాతి పేజీ చదివారు.

"'మధ్యలో ఆగిపోయిన యెడల భయపడవలదు. ఎర్ర మీట నొక్కి, సహాయము వచ్చువరకు నిదానముగా వేచియుండవలెను.'" ఆమె పుస్తకాన్ని గుండెకు హత్తుకున్నారు. "మావారు పోయినప్పుడు నాకీ మాట ఎవరూ చెప్పలేదండీ!"

ఉమామహేశ్వర్ గారు లేచారు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"ఆ వాక్యం రాసిన రోజు నేను అన్నం తినలేదు," అన్నారు.

సాలమ్మ కళ్ళు తెరిచి నావైపు చూసింది. నేను సమోసా తిన్నాను.

మర్నాడు ఉమామహేశ్వర్ గారు ఆటో దిగి నేరుగా గిరిధర్ గారి బల్లమీద ఒక పుస్తకం విసిరికొట్టారు.

"ఏమిటండీ ఈ ఘోరం! నా నవలకు గుండెకాయలాంటి భాగం ఇందులో లేదు! సగం కాపీల్లో లేదు! దాని బదులు ఏదో చెత్త కలిపారు. గోత్రాలట, ఉపసంఘమట! ఎవడు రాశాడిది?"

ఆయన విసిరింది పూజకు ముందు కుట్టిన పుస్తకం. అన్ని ఫారాలూ వరుసలో ఉన్న, సిసలైన పుస్తకం!

గిరిధర్ గారు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"సాలమ్మా! సంచి దీస్కొని నడువ్!"

సాలమ్మ కదల్లేదు. "సారూ, నిన్న తప్పు వడితే పొమ్మంటిరి. గియ్యాల సక్కగ వడితే గూడ పొమ్మంటిరి. నేనెట్ల బతకాలె?"

నాకు ఒళ్ళు మండింది. పుస్తకం తీసి ఉమామహేశ్వర్ గారి ముందు పెట్టాను.

"సార్, జర గీ పేజీ పైన సూడున్రి. ఎవరి పేరుంది?"

ప్రతి ఎడమ పేజీ నెత్తిన ఆయన పేరు ఉంది. చెత్త నెత్తిన కూడా ఉంది. లిఫ్టు పేజీలకు మాత్రం నెత్తిన ఎవరి పేరూ లేదు.

ఉమామహేశ్వర్ గారు కళ్ళద్దాలు పెట్టుకున్నారు. చదివారు. మళ్ళీ చదివారు.

"మా మేనల్లుడు అనిరుధ్‌కి అప్పగించాను. కథంతా వాడే కంప్యూటర్లో కూర్చి రాస్తానన్నాడు. కమిటీవాళ్ళ సలహాలన్నీ వాడికే పంపాను…" అని గొణిగి, ఫ్యానువైపు చూశారు. నిజం బయటపడింది గదా, ఇప్పుడు పెద్దమనిషి సిగ్గుపడతాడని ఎదురుచూశాను. నేను తక్కువ చదువుకున్నవాణ్ణి.

"సరే," అన్నారాయన గొంతు సవరించుకుని. "రెండో ముద్రణలో ఈ అచ్చుతప్పు సరిదిద్దండి. సభలో చదివిన భాగమే అన్ని కాపీల్లోనూ ఉండాలి. దానికి పైన నా పేరు వెయ్యండి."

సాయంత్రం లిఫ్టు ఫారం ఉన్న కాపీ ఒకటి రోజీకి ఇచ్చాను. చదివి నా దగ్గరకొచ్చింది.

"డాడీ, పుస్తకం మొత్తంల ఎనిమిదో ఫారమొక్కటే బాగుంది. ఇరుక్కున్నోల్లు భయపడొద్దని రాసిండు. మరి మిగిలిన పుస్తకంల ఇరుక్కున్న నాకు ఎర్ర మీట యాడుంది?"

నేను మొదటి భాగం తీసి ఆమె చేతిలో పెట్టాను. ఇంకేం చేస్తాను?

ఇప్పుడు రెండో ముద్రణ నడుస్తోంది. గిరిధర్ గారు లిఫ్టు దొంతరను స్వయంగా ఎనిమిదో చోట పెట్టి, దానికి కుంకుమ బొట్టు కూడా పెట్టారు. ఒక్క పుస్తకంలో అసలు ఫారం పడినా సాలమ్మ ఉద్యోగం పోతుందని అందరి ముందూ హెచ్చరించారు. పాపం సాలమ్మ బల్ల చుట్టూ తిరుగుతోంది. ఎనిమిదో దొంతర దగ్గరికి రాగానే ఆగి నన్ను పిలుస్తోంది.

"అన్నా, జర సూడవే. తప్పు సక్కగనే ఏస్తున్ననా?"

"సక్కగనే ఏస్తున్నవ్ సాలమ్మా," అన్నాను, జిగురు రాస్తూ.