రాగి డేగిసాలో దిష్టి

మా దీవిలో అబద్ధం నిలవదు. గొప్పకు చెప్పడం లేదు, ఇక్కడి గాలి అటువంటిది. వేసవిలో ఉత్తరం నుంచి అది లేచిందంటే, ఒక ఇంట్లో పుట్టిన అబద్ధం పక్కింటి గడప చేరేలోపే ఎగిరి సముద్రంలో పడుతుంది. ద్రాక్షతీగలనే నిలబడనివ్వని గాలి అది. అందుకే వాటిని బుట్టల్లా చుట్టి నేలమీద కూర్చోబెడతాం. మా తాత ఆడిన అబద్ధమొకటి పక్క దీవి బెస్తల వలలో పడితే, వాళ్ళు పడవ వేసుకొచ్చి మరీ అప్పగించి వెళ్ళారు. అలాంటి చోట మా ఊరి స్తమాతిస్ ఒక శుక్రవారం ఉదయం పదకొండు దాటాక అబద్ధం ఆడాడు.

నిజానికి ఆ ఉదయం అతని ఆలోచన చాలా చిన్నది. ఆరుగురు అతిథులు వస్తారు. కొండ తొలిచిన గదిలో, తండ్రి చేసిన పీపాల మధ్య, వాళ్ళకు నాలుగు రకాల వైన్ రుచి చూపించాలి. ఒంటిగంటకల్లా వాళ్ళను తిరిగి వ్యాను ఎక్కించాలి. అంతే.

కానీ ఆ చిన్న ఆలోచన మీద నాలుగు వందల ద్రాక్షతీగలు కూర్చుని ఉన్నాయి. కొండ అంచున తండ్రి నాటిన తోట అది. ఏథెన్స్ పక్క పిరేయస్‌లో ఉన్న అక్క అనెజో తెగేసి చెప్పింది: "ఒరేయ్ స్తమాతీ, మూడేళ్ళుగా ఆ పీపాలు అలాగే పడున్నాయి. ఈ వేసవిలో కూడా మనుషులు రాకపోతే హోటలాయనకి సరే అనేస్తాను. ఈత కొలనుకి అంతకన్నా మంచి చోటు దీవిలోనే లేదంటున్నాడు." చిన్న చిన్న గుంపుల్ని తోటలకు తిప్పే కంపెనీ ఒకటి ఈ ఒక్కసారికి ఒప్పుకుంది. నచ్చితే వారం వారం పంపుతారు. రేవులో పనిచేసే బావమరిది వరసవాడు పొద్దున్నే ఫోన్ చేసి మరో సంగతి చెవిన వేశాడు: "ఆ ఆరుగురిలో ఒకళ్ళు కంపెనీ మనిషేరా. ఎవరో నాకూ తెలీదు. జాగ్రత్త."

స్తమాతిస్ ఏథెన్స్ వెళ్ళి రెండు రోజులు శిక్షణ కూడా తీసుకున్నాడు. గ్లాసును కాడ దగ్గర పట్టుకోవాలనీ, రెండు వేళ్ళకు మించి పోయకూడదనీ నేర్చుకున్నాడు. రుచి చూసేవాళ్ళు మింగరనీ, పుక్కిట పట్టి ఉమ్మేస్తారనీ కూడా అక్కడే తెలిసింది. ఈ చివరిది మాత్రం అతనికి మింగుడుపడలేదు. ఏడాది పొడుగునా నేలకు వంగి పెంచి, నెలల తరబడి చీకట్లో పడుకోబెట్టి, చివరికి ఒక మనిషి నోటిదాకా చేర్చిన వైన్, ఆ ఒక్క గుక్క దూరం దాటలేక వెనక్కి రావడమేమిటని పడవలో తిరిగొస్తున్నంతసేపూ ఆలోచించాడు. అయినా శిక్షణ శిక్షణే. ఉమ్మడానికి పాత్ర కావాలి, అది కాస్త ఊరి కళ ఉన్నదైతే మంచిదని అక్కడి మాస్టారు చెప్పాడు. వంటింటి అటక మీద రాగి డేగిసా ఒకటి తళతళలాడుతూ కనిపించింది. కిటికీ దగ్గర నానబెట్టి ఉన్న గోధుమల గిన్నెను దాటుకుని వెళ్ళి, దాన్ని దించి చంకన పెట్టుకున్నాడు. ఆ గోధుమలెందుకు నానుతున్నాయో ఆలోచించి ఉంటే ఈ కథే లేదు.

"అమ్మా, నువ్వు పైనే ఉండు. వాళ్ళు వెళ్ళేదాకా కిందికి రాకు," అన్నాడు గుమ్మంలోంచి.

"ఇంటికొచ్చినవాళ్ళని పలకరించొద్దూ?" అంది పొలిక్సేని. ఆమెకు ఎనభై రెండు.

"నువ్వొస్తే గ్లాసు నిండా పోసేస్తావు."

"గ్లాసున్నదే నిండడానికి కదరా!"

పదకొండుకు అతిథులు దిగారు. కెనడా దంపతులు, డెన్మార్క్ అక్కచెల్లెళ్ళు, భారీ డచ్చాయన ఒకడు, నల్ల కళ్ళద్దాలు తీయని, నోరు మెదపని సన్నపాటి ఆవిడ ఒకామె. ఆమె పేరు జాబితాలో పీటర్సన్ అని ఉంది. స్తమాతిస్ ఒక్క చూపులో తేల్చేశాడు, కంపెనీ మనిషి డచ్చాయనే. గ్లాసులో ముక్కు పెట్టి, కళ్ళు మూసుకుని, అంతసేపు వాసన పీల్చేవాడు మామూలు మనిషి కాడు. ఆయనకు వారం రోజులుగా జలుబని తరవాత తెలిసింది.

వచ్చీరాని ఇంగ్లీషులో స్తమాతిస్ నేల గురించి, గాలి గురించి బట్టీపట్టిన ప్రసంగం అప్పజెప్పాడు. అతిథులు మర్యాదగా తలలూపి, పుక్కిలించి, ఒకరి వెనక ఒకరు వంగి డేగిసాలో ఉమ్మారు. రెండో వైన్ కూడా అలాగే గడిచింది. మూడోది పోస్తుండగా మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపించింది.

పొలిక్సేని గుమ్మంలో నిలబడింది. చేతిలో నానిన గోధుమల గిన్నె. మర్నాడు పోయినవాళ్ళ శనివారం. మొగుడి పేరున గోధుమలు ఉడికించి, చక్కెర, బాదం కలిపి చర్చికి పట్టుకెళ్ళాలి. పదకొండేళ్ళుగా ఆ గోధుమలు ఉడికేది ఒక్క రాగి డేగిసాలోనే. ఇల్లంతా వెతికి వెతికి కిందికి వచ్చిన ఆమెకు, డచ్చాయన రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించి ఆ డేగిసాలోకి ఉమ్ముతూ కనిపించాడు.

"ఒరేయ్!" అంది ఆమె. "మీ నాన్న డేగిసాలో ఉమ్మేస్తున్నార్రా!"

నిజం చెబితే ఆమె డేగిసా ఎత్తి కంపెనీ మనిషి నెత్తినే బోర్లిస్తుంది. తోట పోతుంది. స్తమాతిస్ నోటికి ఏదొస్తే అది వచ్చింది.

"ఉమ్మడం కాదమ్మా. దిష్టి తీస్తున్నారు."

"ఎవరికి?"

"వైన్‌కి. అంత బాగుందట. తమ కళ్ళు తగులుతాయేమోనని భయపడి..."

పొలిక్సేని గోధుమల గిన్నె కింద పెట్టి ఆరుగురి మొహాల్లోకీ చూసింది. అయిదు జతల నీలికళ్ళు, ఒక జత కళ్ళద్దాలు. నీలికళ్ళ చూపు ఎంత చెడ్డదో మా ఊళ్ళో పసిపిల్లలకు కూడా తెలుసు. మెచ్చుకున్న మనిషి వెంటనే మూడుసార్లు ఉమ్మితే ఆ చూపు విరుగుతుంది. ఏటా వేలమంది నీలికళ్ళవాళ్ళు వస్తారు. కిటికీలు మెచ్చుకుంటారు, పిల్లుల్ని మెచ్చుకుంటారు, ఆరేసిన బట్టల్ని కూడా మెచ్చుకుని ఫోటోలు తీసుకుంటారు. ఒక్కడైనా ఉమ్మిన పాపాన పోడు.

"ఎంత పెంపకమో," అంది ఆమె, గొంతు మెత్తబడి. "కన్నతల్లులెవరో గాని."

"మీ అమ్మగారు ఏమంటున్నారు?" అని కెనడా ఆవిడ అడిగింది.

"ఈ పాత్ర మా వంశంలో చాలా పవిత్రమైనదండీ. మీరు దాన్ని గౌరవిస్తున్నందుకు ఆమె మనసు పొంగిపోయింది," అన్నాడు స్తమాతిస్, ఇంగ్లీషులో.

ఆ మాటకు అతిథులు కదిలిపోయారు. ఆపైన డెన్మార్క్ అక్కచెల్లెళ్ళు చేయి చేయి పట్టుకుని, తల వంచి, ఎంతో భక్తిగా ఉమ్మారు. నల్ల కళ్ళద్దాలావిడ మాత్రం గ్లాసు బల్ల మీద పెట్టేసి, నోటికి రుమాలు అడ్డం పెట్టుకుంది.

పొలిక్సేని వెళ్ళిపోయింది. గండం గడిచిందనుకున్నాడు స్తమాతిస్. పది నిమిషాల్లో మళ్ళీ వచ్చింది, ఈసారి వెనకాల పక్కింటి మరిగో, ఆమె చంకలో మనవడు.

"స్తమాతీ, నీకు పుణ్యముంటుంది," అంది మరిగో. "మొన్న ఓడ దిగిన ఒకతె వీణ్ణి చూసి ముద్దొస్తున్నాడంది. అంతే, మూడు రాత్రుళ్ళుగా కన్నుమూస్తే ఒట్టు. ఆ పెద్ద నీలికళ్ళాయన చేత ఒక్కసారి ఫ్తూ అనిపించు బాబూ."

"ఇప్పుడా పిన్నీ? పని మధ్యలో..."

"ఏం, మీ వైన్‌పాటి చెయ్యడా నా మనవడు?"

స్తమాతిస్ డచ్చాయన వైపు తిరిగాడు. "సార్, ఇది మా ఊరి దీవెన. బిడ్డ మీద ఉత్తినే, తడి లేకుండా, మూడుసార్లు ఫ్తూ అనాలి."

"ఇది ప్రోగ్రామ్‌లో లేదే?" అన్నాడు కెనడా ఆయన, కాగితం చూసుకుంటూ.

"ఇది బోనస్ సార్."

డచ్చాయన ఫ్తూ ఫ్తూ ఫ్తూ అన్నాడు. బిడ్డ ఆవలించి, అమ్మమ్మ భుజం మీద తల వాల్చి నిద్రపోయాడు. ఆయన గొంతు అటువంటిదో, తుమ్ము ఆపుకుంటూ అన్నాడో గాని, మరిగో పెట్టిన కేక మాత్రం చర్చి గంట దాకా వినిపించింది.

ఇక ఊరు ఆగుతుందా? కాఫీ హోటలు అర్గీరిస్ కొత్త స్కూటర్ తోసుకుంటూ వచ్చాడు. ఎవడో జర్మన్ దాన్ని భేష్ అన్న రోజునుంచి ఎత్తు ఎక్కడం మానేసిందట. ఒకామె టమాటా మొక్కలు కుండీలతో సహా తెచ్చింది. పెళ్ళి కుదిరిన పిల్ల దుప్పట్లు తెచ్చింది. అందరికంటే వెనక, నుదుట నీలిపూస కట్టిన గాడిద ఒకటి తలొంచుకుని వరుసలో నిలబడింది. దాన్ని ఫోటో తీయని దేశం లేదు, అది కుంటని రోజు లేదు. కెనడా ఆయన ఉత్సాహం పట్టలేక నోట్లో వైన్ ఉండగానే స్కూటర్‌ను దీవించాడు.

"సీటు మీద కాదండీ బాబూ, ఇంజను మీద!" అని అర్గీరిస్ మొత్తుకున్నాడు.

"ఏమంటున్నాడు?"

"ధన్యుణ్ణయ్యానంటున్నాడు సార్."

వచ్చినవాళ్ళు ఊరికే రాలేదు. ఒకరు జున్ను, ఒకరు ఎండబెట్టిన టమాటా, ఒకరు వేడి రొట్టె పట్టుకొచ్చారు. రొట్టె వచ్చాక ఎవరూ ఉమ్మలేదు. రెండు వేళ్ళ లెక్క ఎవరికీ గుర్తు లేదు. పొలిక్సేని గ్లాసులన్నీ అంచుల దాకా నింపేసింది. స్తమాతిస్ మాత్రం మూలన పీపా మీద చతికిలబడ్డాడు. ప్రసంగం సగంలో పోయింది, నాలుగో వైన్ పేరు చెప్పనేలేదు, కంపెనీ మనిషేమో గాడిద చెవులు నిమురుతూ ఉన్నాడు. ఈత కొలను నీలంగా అతని కళ్ళముందు కదలాడింది.

అప్పుడు పొలిక్సేని నల్ల కళ్ళద్దాలావిడ దగ్గరికి వెళ్ళి చేయి పట్టుకుంది. "ఈ పిల్ల పాపం ఏమీ మాట్లాడదు. దీనికి నా పని ఒకటి చెప్పరా," అని కొడుకును పిలిచింది. ముగ్గురూ తోటలోకి నడిచారు. గాలికి తీగలు బుట్టల్లో ముడుచుకుని ఉన్నాయి. అవతల సముద్రం.

"రెండేళ్ళ కిందట ఒక హోటలాయన ఇక్కడే నిలబడ్డాడు," అంది పొలిక్సేని. "అబ్బ, ఎంత చక్కటి చోటు, అన్నాడు. అని, ఉమ్మకుండా వెళ్ళిపోయాడు. అప్పటినుంచీ నా కూతురికి నిద్ర లేదు, వీడికి తిండి లేదు. చెప్పు దీనికి."

స్తమాతిస్ నోరు తెరిచాడు. ఈ ఒక్కదానికీ అబద్ధం దొరకలేదు. దొరకలేదో, ఆడబుద్ధి కాలేదో.

ఆవిడ కళ్ళద్దాలు తీసింది. మాగిన ఆలివ్ కాయల్లాంటి నల్లటి కళ్ళు. తోట వైపు తిరిగి, మా ఊరి ముసలమ్మలు అనే పద్ధతిలో, పెదవి చివర, ఫ్తూ ఫ్తూ ఫ్తూ అంది. ఆ తరవాత శుభ్రమైన గ్రీకులో, అదీ మా దీవి యాసలో, "ఎవరి కన్నూ పడకూడదు మామ్మా. మా అమ్మమ్మది కొండ అవతలి ఊరే," అంది.

స్తమాతిస్ తీగల మధ్య నేలమీద కూర్చుండిపోయాడు.

"పీటర్సన్ మా ఆయన ఇంటిపేరు," అంది ఆవిడ. "కంపెనీ నాకిచ్చిన పని, మీరు చెప్పేదంతా విని రాసుకోవడం. రెండు వైపులా విన్నాను." పొలిక్సేని చేతిలోని నిండు గ్లాసు అందుకుని, సముద్రం వైపు చూస్తూ, మింగింది. "శుక్రవారం శుక్రవారం ఆరుగురిని పంపుతాం. అమ్మగారు కింద ఉండాలి. మీరు ఇవాళ చేసినట్టే అనువదించాలి. నిజం చెప్పే గైడ్లు మాకు ముప్ఫై దీవుల్లో ఉన్నారు."

అక్క అనెజోకు ఆ మధ్యాహ్నమే ఫోన్ వెళ్ళింది. అనువాదం లేకుండానే ఆమెకు అర్థమైంది.

వ్యాను వెళ్ళాక పొలిక్సేని డేగిసాను ఎత్తి తోటలోకి తెచ్చింది. "దిష్టికి మూడు చాలురా. ఇది సగం డేగిసా ఉంది. నాకు తెలీదనుకున్నావా?"

"మరెందుకు ఊరుకున్నావమ్మా?"

"నువ్వు చెప్పింది బాగుంది," అంది. డేగిసాలో ఉన్నదంతా మొగుడు నాటిన మొదటి తీగ పాదులో ఒంపి, నిమ్మచెక్కతో బూడిదతో డేగిసాను తోమి, గోధుమలు పొయ్యి మీద పెట్టింది.

మా దీవిలో అబద్ధం నిలవదని మొదట్లో అన్నాను కదా, అది వెనక్కి తీసుకుంటున్నాను. ఇప్పుడు ప్రతి శుక్రవారం పదకొండింటికి నిలుస్తోంది, ఆరుగురికి, రొట్టె జున్నుతో సహా. మిగతాదంతా జరిగింది జరిగినట్టే చెప్పాను గాని, గాడిద మాత్రం నా కల్పన.

వరుసలో ఆ చోట నిలబడింది నేను.